మోటారు నడుపుటకు ముందు

కేంద్రప్రభుత్వము 2025 జూలైలో కలుషిత స్థలముల నిర్వహణకై నియమములను ప్రకటించినది. అనుమానాస్పదమైన స్థలమును గూర్చి జిల్లా యంత్రాంగము తెలిపిన 90 దినములలో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాథమిక పరిశీలన ముగింపవలెననియు, మఱి మూడు మాసములలో సవిస్తరమైన సర్వే జరిపి ఆ స్థలము నిజముగా కలుషితమో కాదో తేల్చవలెననియు అందు గడువులు ఏర్పడినవి. చిరకాలము దస్త్రములలో నిద్రించిన సమస్యకు గడువు కలుగుట ముదావహమే. అయినను, అద్దకపు మిల్లులకును రసాయన కర్మాగారములకును నెలవైన సూరత్ వంటి నగరమున ఈ సర్వే భూగర్భములోనికి దిగినపుడు, గడువు తఱుముచున్నదను తొందరలో ప్రణాళిక లేక పంపింగు పరీక్షకు పూనుకొందురేమో యను శంక కలుగుచున్నది. ఏలయన శుద్ధమైన నేలలో నిరపాయమగు ఈ పరీక్షయే కలుషిత స్థలమున విషమును ఒకచోటినుండి మఱియొక చోటికి లాగగలదు.

ఒక బోరుబావినుండి నిలుకడయైన వేగముతో నీరు తోడుచు, చుట్టునున్న పరిశీలక బావులలో మట్టము ఎంతసేపటికి ఎంత దిగినదో కొలిచి, ఆ లెక్కలనుబట్టి భూగర్భపు పొర నీటిని ఎంత సులభముగా పోనిచ్చునో, ఎంత నిలువ యుంచుకొనునో గ్రహించుటయే పంపింగు పరీక్ష. 1935లో అమెరికా శాస్త్రజ్ఞుడు థైస్ ప్రతిపాదించిన సూత్రము నేటికిని దీనికి ఆధారము. కాని ఆయన తన గణితమునకై పొర యంతయు ఒకే తీరున, ఎల్లలు లేక వ్యాపించి యున్నదని భావించెను. సూరత్ క్రింద తాపీనది యుగయుగములుగా తెచ్చి పఱచిన ఇసుక, బంకమన్ను, గులకరాళ్ల పొరలు అట్టివి కావు. ఇసుక వెంట కాలుష్యము త్వరగా పాఱును, బంకమన్నులో చిక్కి ఏండ్ల తరబడి ఊరుచుండును. కావున ఏ పొరను పరీక్షించుచున్నామో, త్రవ్విన బోరు పై పొరలోని విషమునకు క్రింది మంచినీటి పొరలోనికి దారి తెఱచుచున్నదేమో ముందుగా విచారింపనిచో, చేతికి వచ్చిన అంకెలు ఎంత సూక్ష్మములైనను నిష్ప్రయోజనములే.

సూరత్‌లో సముద్రము మఱియొక చిక్కు. సింగణ్‌పోర్ వద్ద 1995లో కట్టిన కాజ్‌వేకు దిగువను తాపీ దినమునకు రెండుసార్లు పొంగి తగ్గును. నదికి సమీపమున నున్న బోరులలోని మట్టమును దానితోకూడ ఊగవచ్చును. ఆటువేళ సహజముగా దిగిన మట్టమును మోటారు దించినదిగా లెక్కించినచో గణితమంతయు వక్రించును. అందుచే తోడుటకు పూర్వమే ఒక పక్షముపాటు, పున్నమనాటి పెద్దపోటును అష్టమినాటి చిన్నపోటును రెండును పట్టువడునట్లు, మట్టములను నమోదు చేయవలెను. ఇక వానకాలమునకు ముందొకసారి, పిదప నొకసారి కొలువనిదే భూజలపు పోకడ తెలియరాదు. ఈ రెండును మూడు మాసములలో ఇముడుట దుర్లభము.

అన్నిటికంటె బరువైన ప్రశ్న తోడిన నీటిది. సెకనుకు 5 లీటర్ల చొప్పున 72 గంటలు తోడినచో 12,96,000 లీటర్లగును. అనగా పదివేల లీటర్ల ట్యాంకర్లు 130. దానిని సమీపపు ఖాడీ యను వాగులోనికి వదలుట బావిలోని బురదను తీసి పొరుగువాని గడపలో పోయుటయే. 2022 జనవరి 6న సూరత్‌లోని సచిన్ పారిశ్రామికవాడలో ట్యాంకరునుండి కాలువలోనికి రసాయన వ్యర్థమును వదలగా వెలువడిన విషవాయువునకు ఆఱుగురు కార్మికులు బలియైరి. ఆ నగరమున, తోడిన నీటిని ఏ తొట్లలో నిలుపుదురో, ఏ శుద్ధికర్మాగారము దానిని స్వీకరించుటకు వ్రాతపూర్వకముగా ఒప్పుకొన్నదో తేలకమునుపు మోటారు తిరుగరాదు.

సుదీర్ఘమైన పరీక్ష లేనిదే పొర స్వభావము తెలియదని, చిన్న పరీక్షలు బోరు చుట్టునున్న కొద్దిపాటి నేలనే పలికించునని ఇంజనీర్లు చెప్పుదురు. అది సత్యమే, కాని వలసినది క్రమము. ముందుగా బోరులో ఒక కడ్డీని దించి, చెదరిన మట్టము కుదుటపడు వేగమును కొలుచు స్లగ్ పరీక్షలు, వానికి నీరు తోడనక్కఱయే లేదు. పిమ్మట తోడు వేగమును అంచెలంచెలుగా పెంచుచు కొలది గంటలు జరుపు పరీక్ష. ఆ ఫలితములు చాలవని తేలిననే దీర్ఘ పరీక్ష. అప్పుడును నీటి నమూనాలను ఎప్పటికప్పుడు పరీక్షించుచు, ఉప్పదనముగాని విషముగాని నిర్ణీతమైన హద్దు దాటినంతనే ఆపవలెను.

తెలంగాణనుండి వలసపోయి మరమగ్గములపై బ్రదుకుచున్న పద్మశాలీలు సూరత్‌లో అనేకులు. అచటి నగరపాలిక తెలుగు మాధ్యమమున పాఠశాలలను సైతము నడుపుచున్నది. పిల్లలకు తెలుగున పాఠము చెప్పగల సంస్థకు, వారి తల్లిదండ్రుల బోరుబావి ప్రక్కన పరీక్ష జరుగనున్నదని తెలుగున ప్రకటన యంటించుట కష్టము కాదు. ఆ తెలంగాణలోనే పటాన్‌చెరు పరిసర గ్రామముల నీరు పరిశ్రమల వ్యర్థములచే చెడిన పిదప 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టునకు చేరవలసి వచ్చినది. ముందుగా అడిగి తెలిసికొను అవకాశమున్నచోట ప్రజలు వాదులుగా మారవలసిన అగత్యము తగ్గును.

గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి ప్రతి పరీక్షకును ముందు దాని ప్రణాళికను ప్రచురింపవలెను. రెండు ఋతువుల కొలతలు పూర్తియగువఱకు సర్వేకు కేంద్రము వ్యవధి నీయవలెను. ఈ వ్యవధి కాలుష్యకారకులకు వరమగునని కొందఱు భయపడుదురు. కాని అనుమానిత బోరుల నీటిని త్రాగుట మాన్పించి, ఆ యిండ్లకు మంచినీటిని అందించుటకు తుది నిర్ణయముతో పనిలేదు. ఆ కర్తవ్యమును మొదటి దినముననే నెరవేర్చినచో, శాస్త్రమునకు కావలసిన కాలమును ప్రజల ఆరోగ్యము చెల్లింపవలసిన పని యుండదు.