రోడ్డు మీద బతుకులు: చనిపోయాక సాయం సరే, బతికుండగా?

వడదెబ్బతో చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు. 2025 ఏప్రిల్‌లో వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించినప్పుడు తెలంగాణ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం ఇది. డెలివరీ బాయ్ ప్రమాదంలో చనిపోతే 5 లక్షల బీమా అని అంతకుముందు, 2023 చివర్లో చెప్పింది. రెండూ మంచి నిర్ణయాలే. కానీ రెండూ మనిషి పోయాక అందే సాయాలు. పొద్దున్నుంచి రాత్రి దాకా రోడ్డు మీదే ఉండేవాళ్ల మనసు ఎలా ఉందని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క ప్రకారం 2021లో దేశంలో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వీరిలో 42,004 మంది రోజుకూలీలు. అంటే ప్రతి నలుగురిలో ఒకరు. వీళ్లంతా ఎండలో పనిచేసేవాళ్లే కాకపోవచ్చు. కానీ ఏ రోజు సంపాదన ఆ రోజే అన్న బతుకు అందరిదీ.

టెన్షన్ ఎక్కడి నుంచి వస్తోంది?

పాతబస్తీలో తోపుడు బండి నడిపే మనిషి ‘డిప్రెషన్’ అనడు. ‘టెన్షన్’ అంటాడు, ‘నీంద్ నై ఆరీ’ అంటాడు. దానికి కారణాలు కూడా కళ్ల ముందే ఉన్నాయి. సరుకు అమ్ముడైనా కాకపోయినా సాయంత్రానికి డైలీ ఫైనాన్స్ కట్టాలి. బండి ఎప్పుడు ఎత్తుకుపోతారో తెలియదు. డెలివరీ బాయ్‌కి రేటింగ్ పడిపోతుందని, ఐడీ బ్లాక్ అవుతుందని భయం. దగ్గర్లో టాయిలెట్ లేక ఆడవాళ్లు ఎండలో కూడా నీళ్లు తాగడం తగ్గిస్తారు. రాత్రి రేకుల ఇంట్లో వేడికి నిద్ర పట్టదు. నిద్ర లేకపోతే చిరాకు, కోపం, దిగులు పెరుగుతాయి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. లిథియం వాడేవారికి ఒంట్లో నీరు తగ్గితే ప్రమాదం. అలాగని మందు సొంతంగా మానేయకూడదు. ఎండలో పనిచేస్తున్నామని డాక్టర్‌కు చెప్పాలి.

ఉన్న సాయం ఎందుకు అందట్లేదు?

టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది. 2022 అక్టోబర్ 10న మొదలైంది. ఉచితం, 24 గంటలు, తెలుగులోనూ మాట్లాడతారు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. అయినా 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందట్లేదు. రోజుకూలీకి ఆసుపత్రికి పోవడం అంటే ఆ రోజు సంపాదన పోయినట్టే. బస్తీ దవాఖానాలేమో అతను పనిలో ఉండే పగటి వేళల్లోనే నడుస్తాయి. వారంలో ఒక్క రోజైనా రాత్రి దాకా తెరిచి ఉంచి, బీపీ చూసేటప్పుడే ‘నిద్ర పడుతోందా?’ అని అడిగితే సగం పని మొదలైనట్టే.

అయితే కౌన్సెలింగ్ ఒక్కటే చాలదు. రేపు బండి ఉంటుందో లేదో తెలియని మనిషికి ధైర్యం చెప్తే ఆ ధైర్యం ఎన్నాళ్లు నిలుస్తుంది? 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాత తరలించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులే ఉండాలి. ఈ చట్టం సరిగ్గా అమలైతే వేల ఇళ్లలో రాత్రి నిద్ర పడుతుంది.

ఎండాకాలం రాగానే చలివేంద్రాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు వస్తాయి. వాటితో పాటు నీడ, టాయిలెట్, యాప్ కంపెనీలు మధ్యాహ్నం ఆలస్యానికి రేటింగ్ తగ్గించకుండా ఒక నిబంధన కూడా రావాలి. అడ్డాల దగ్గర, చాయ్ హోటళ్ల గోడల మీద 14416 నంబర్ తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టడానికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.