పరీక్షలు కోడలికేనా?

'పెళ్లయి మూడేళ్లవుతోంది, ఇంకా విశేషమేమీ లేదా?' హైదరాబాద్ నుంచి వచ్చే వీడియో కాల్‌లోనైనా, ఇక్కడ డాలస్‌లో వ్రతం భోజనాల దగ్గరైనా ఈ ప్రశ్న ఎదురయ్యేది అమ్మాయికే. స్కానింగులు, మందులు, మొక్కులు కూడా ఆమెకే. అబ్బాయి మాత్రం 'నాకేమైంది, బాగానే ఉన్నానుగా' అంటాడు. కానీ పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు నుంచీ కారణం ఉంటుంది.

నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. ప్రోగ్రామ్ పనిచేయకపోతే మేం సగమే చూసి, మిగతా సగం బాగుందని వదిలేయం. ఇక్కడి వైద్యులు చెప్పేదీ అదే. ఏడాది ప్రయత్నించాక, భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరికీ కలిపి పరీక్షలు మొదలవ్వాలి.

మగవారికి మొదటిది వీర్య పరీక్ష. కణాలు తక్కువగా ఉన్నా, అసలు లేకపోయినా, కోరిక తగ్గినా, అంగస్తంభన సమస్య ఉన్నా తర్వాతి మెట్టు హార్మోన్ల పరీక్ష. ముందు చూసేవి ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్. టెస్టోస్టెరాన్ పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది కాబట్టి ఉదయం పది లోపే రక్తం ఇవ్వాలి. అది తక్కువని తేలితే మళ్లీ చేసి, ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్ కూడా చూస్తారు.

ఈ అంకెలు లోపం ఎక్కడుందో చెబుతాయి. ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా ఎక్కువైతే మెదడు ఆదేశం ఇస్తున్నా వృషణాలు స్పందించడం లేదని అర్థం. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, టెస్టోస్టెరాన్ మూడూ తక్కువైతే లోపం పైన, పిట్యూటరీ దగ్గర ఉన్నట్టు. దీనికి ఇంజెక్షన్లతో చికిత్స ఉంది, చాలామందిలో కణాల ఉత్పత్తి మొదలవుతుంది. ప్రొలాక్టిన్ పెరగడానికి పిట్యూటరీలో చిన్న కణితి కారణం కావచ్చు, చాలావరకు మాత్రలతోనే తగ్గుతుంది. హార్మోన్లు సరిగ్గా ఉండీ కణాలు కనిపించకపోతే దారిలో అడ్డంకి ఉందేమో చూస్తారు. ఏ కారణమో తెలియకుండా నేరుగా ఐవీఎఫ్‌కు వెళ్తే సూదులు, ఖర్చు, మనోవేదన ఎక్కువగా భరించేది భార్యే.

మరో ముఖ్య విషయం. అలసటగా ఉందనో, జిమ్‌లో ఎవరో చెప్పారనో టెస్టోస్టెరాన్ జెల్, ఇంజెక్షన్లు వాడేవారు మనలోనూ ఉన్నారు. బయటి నుంచి టెస్టోస్టెరాన్ అందితే మెదడు తన ఆదేశాలు ఆపేస్తుంది, వీర్యకణాల ఉత్పత్తి పడిపోతుంది, కొందరిలో సున్నాకు చేరుతుంది. ఆపాక కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. పిల్లలు కావాలనుకునేవారికి అది మందు కాదు. ఇప్పటికే వాడుతుంటే ఆ సంగతి యూరాలజిస్టుకు దాచకుండా చెప్పండి.

తమ్ముళ్లూ, మీ ఆవిడకు అపాయింట్‌మెంట్ తీసుకునే రోజే మీకూ ఒకటి తీసుకోండి. అత్తగార్లకు, మామగార్లకు నా మనవి ఒక్కటే: అబ్బాయి రిపోర్టు వచ్చేదాకా కోడలిని ఏమీ అనకండి. వచ్చాక కూడా, అది నిందించుకోవడానికి కాదు, చికిత్సకు దారి వెతకడానికి.