లెక్కకు రాని ఏడేండ్లు

క్రీడాకారుని యౌవనం స్వల్పకాలం నిలిచే సంపద. కవి అరవయ్యో ఏట కావ్యం రచించగలడు. గాయకుడు డెబ్బయ్యో ఏట కూడా కచేరీ చేయగలడు. ఫుట్‌బాల్ ఆటగానికి ఆ భాగ్యం లేదు. ఇరవై, ముప్పై అయిదేండ్ల నడుమ సాధించినదే అతని సర్వస్వం. అందుచేత యుద్ధం ఒక క్రీడాకారుని నుండి ఏడేండ్లు అపహరించినదంటే, అతని క్రీడాజీవితంలో దాదాపు సగభాగం హరించుకుపోయినట్లే. స్కాట్లండ్ దేశీయుడైన బిల్ షాంక్లీ జీవితం ఇందుకు నిదర్శనం.

షాంక్లీ 1913 సెప్టెంబరు 2న గ్లెన్‌బక్ అనే బొగ్గుగనుల గ్రామంలో జన్మించాడు. అన్నదమ్ములు అయిదుగురూ ఫుట్‌బాల్‌నే వృత్తిగా స్వీకరించారు. చిన్నతనంలోనే బడి విడిచి గనిలో పనికి చేరిన బిల్, 1932లో కార్లైల్ యునైటెడ్ జట్టులోను, మరుసటి ఏడు ప్రెస్టన్ నార్త్ ఎండ్ జట్టులోను స్థానం సంపాదించాడు. 1938లో ప్రెస్టన్ ఎఫ్.ఏ. కప్పును గెలుచుకున్నది. ఆ సంవత్సరమే స్కాట్లండ్ జట్టులో ప్రవేశించిన షాంక్లీ, 1939 నాటికి అయిదు అంతర్జాతీయ పోటీలలో ఆడాడు.

1939 సెప్టెంబరు 2న అతనికి ఇరవై ఆరేండ్లు నిండాయి. ఆ మరునాడే బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించింది. వారం క్రితమే ఆరంభమైన లీగ్ పోటీలు నిలిచిపోయాయి. షాంక్లీ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో చేరాడు. యుద్ధకాలంలోనూ ప్రాంతీయ పోటీలు జరిగాయి, అతడు ఆడాడు, స్కాట్లండ్ పక్షాన కూడా ఆడాడు. కాని ఆ అంతర్జాతీయ పోటీలకు అధికారిక గుర్తింపు లభించలేదు. 1946 ఆగస్టు 31న లీగ్ పునఃప్రారంభమయ్యే నాటికి అతడు ముప్పై మూడేండ్ల వాకిట నిలిచి ఉన్నాడు. అధికారిక పట్టికలో అతని అంతర్జాతీయ పోటీల సంఖ్య అయిదు వద్దనే ఆగిపోయింది. 1949లో అతని క్రీడాజీవితం ముగిసింది.

తరువాత షాంక్లీ 1959 నుండి 1974 వరకు లివర్‌పూల్ జట్టుకు మేనేజరుగా పనిచేశాడు. రెండవ డివిజన్‌లో ఉన్న ఆ జట్టును పైకి తెచ్చి, మూడుసార్లు లీగ్ విజేతగా నిలిపాడు. ఇంతటి కీర్తి లభించినప్పుడు కోల్పోయినదేమున్నదని కొందరు ప్రశ్నించవచ్చు. ఈ వాదం సహేతుకం కాదు. కాలిన ఇంటి బూడిద చేనికి ఎరువైనంత మాత్రాన నిప్పును ఉపకారి అనరు. నష్టాన్ని దిగమింగి నిలబడటం షాంక్లీ గొప్పతనం. అది యుద్ధం ప్రసాదించిన వరం కాదు.

పైగా, తిరిగి వచ్చినవారిని మాత్రమే చూసి యుద్ధాన్ని అంచనా వేయడం న్యాయం కాదు. మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైన 1914లో, ఎడిన్‌బరోకు చెందిన హార్ట్ ఆఫ్ మిడ్‌లోథియన్ జట్టు స్కాటిష్ లీగ్‌లో అగ్రస్థానంలో ఉన్నది. ఆ నవంబరులో జట్టులోని ఆటగాళ్లు అనేకులు కలిసికట్టుగా సైన్యంలో చేరారు. యుద్ధం ముగిసేసరికి ఏడుగురు కన్నుమూశారు. వారిలో ముగ్గురు 1916 జూలై 1న, సోమ్ యుద్ధం మొదలైన దినాననే నేలకొరిగారు. ఆ ఏడుగురిలో ఎందరు షాంక్లీలు ఉన్నారో ఎవరు చెప్పగలరు?

హిట్లర్ దురాక్రమణను ఎదిరించక తప్పలేదన్నది నిజమే. అయితే తప్పనిసరి అయినంత మాత్రాన యుద్ధం చెల్లించుకున్న మూల్యం తగ్గదు. మృతుల సంఖ్యను, వ్యయమైన ధనాన్ని చరిత్ర లెక్కిస్తుంది. ఆడని ఆటలను, చదవని చదువులను, చేయని పరిశోధనలను ఏ పట్టికా లెక్కించదు. ఆ నష్టాన్ని అధికంగా భరించేది యువతరమే. యుద్ధాన్ని వినోదంగా, శౌర్యప్రదర్శనగా భావించి తేలికగా పలికేవారు, వ్యయం కాబోయే యౌవనం ఎవరిదో ముందుగా ఆలోచించడం వివేకం.