నీరు తక్కువైన పెరటిలో పూలమొక్కలు

మారిషసు ద్వీపమునకు వాన తెచ్చునది ఆగ్నేయమునుండి వీచు గాలి. అది తన తేమను తూర్పు వాలులమీదను నడిమి మెట్టమీదను విడిచి, కొండలు దాటి పడమటి తీరమునకు దిగునప్పటికి పొడిగాలి యగును. కావున బ్లాక్ రివర్ ప్రాంతపు పెరళ్లలో ఎండ మెండు, వాన కొంచెము. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో నేల మరింత యెండును. అట్టి దినములలో వంటకు వాడు నీటినుండి పూలమొక్కకు వాటా పెట్టుట యే గృహిణికైనను కష్టమే. అంతమాత్రమున వాకిలి బోసిగా నుండ నక్కరలేదు.

అట్టి నేలకు తగినది కాగితపు పూలచెట్టు. దీనిని 1767లో బ్రెజిలు దేశమున సేకరించిన ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు కొమెర్సొను, 1773లో మారిషసులోనే మరణించెను. ఆ యాత్రకు నాయకుడైన బూగన్విల్లు పేరే యీ మొక్కకు కలిగెను. నీరెక్కువైనచో దీనికి ఆకు పెరిగి పూత తగ్గును. ముళ్లు గలది గనుక నడకదారికి ఎడముగా నాటవలెను. బిళ్ళగన్నేరు పొరుగున నున్న మడగాస్కరు దీవి మొక్క. వేరు నిలిచిన పిమ్మట అదియు ఎండకు వెరవదు.

వానలు పట్టు డిసెంబరు, జనవరి నెలలలో మూరెడు గుంత త్రవ్వి, మాగిన పేడయెరువు కలిపి నాటవలెను. తుపానుగాలికి ఊగకుండ పెద్ద మొక్కను కొయ్యకు కట్టవలెను. ఎండిన చెరకాకును మొదలికి తగులనీయక చుట్టును పరచినచో తేమ నిలుచును. దినదినము చెంబెడు నీరు చల్లిన వేళ్లు పైపైననే యుండి ఎండకు మాడును. వారమున కొకమారు కడవెడు నీరు మెల్లగా ఇంకనిచ్చిన అవి లోతునకు దిగును. మొదటి యేడు ఈ శ్రద్ధ చాలును; పిదప మొక్కయే తన్ను తాను కాచుకొనును.

గన్నేరు కూడ ఎండకు మిక్కిలి ఓర్చునదే. కాని దాని ఆకు, పువ్వు, కొమ్మ, గింజ అన్నియు విషమే. కొద్ది ఆకులు మేసిన మేక చచ్చును. పసిపిల్లలున్న యింట దానిని నాటరాదు. నరికిన కొమ్మలను పొయ్యిలో పెట్టరాదు. ఆ పొగయు హానికరము. బిళ్ళగన్నేరునుండి క్యాన్సరునకు మందులు తీసిన మాట నిజమే. అయినను దాని ఆకు నమలుట, కషాయము త్రాగుట అపాయము.

పెరటి మొక్క దేనినైనను నోట పెట్టరాదని బిడ్డలకు నేర్పుటయు, నీరు పోయుట వలెనే, తోటపనిలో భాగము.