రాత్రి వార్డు తలుపు

గత మాసమున మా అత్తగారికి తుంటియెముక విఱిగి శస్త్రచికిత్స జరిగినందున మేము తొమ్మిది రాత్రులు ఒక ఆసుపత్రిలో గడపవలసి వచ్చినది. వార్డున ఇరువది మంచములు. రాత్రివేళ వాని కన్నింటికిని ఇద్దఱు నర్సులు. అందు చిన్నదానిని, "అమ్మాయీ, ఇప్పు డిచ్చట నిప్పంటుకొన్నచో నేమి చేయుదువు?" అని యడిగితిమి. ఆమె నవ్వి, "ముందు మామ్మగారిని ఎత్తుకుంటానండీ" అన్నది.

సంతసించితిమి గాని నిద్ర పట్టలేదు. 2011 డిసెంబరు 9వ తేదీ తెల్లవాఱుజామున కలకత్తాలో ఆమ్రి ఆసుపత్రి నేలమాళిగయందు నిప్పు రేగినది. మంటకంటె పొగయే మృత్యువైనది. అది గాలి గొట్టముల వెంట పై అంతస్తులకు ప్రాకగా, సుమారు 90 మంది మరణించిరి; పెక్కురు ఊపిరాడకయే పోయిరి. కేరళమునుండి వచ్చిన యిద్దఱు యువతులు, అచ్చటి నర్సులు, స్త్రీల వార్డునుండి ఎనమండుగురు రోగులను వెలికి జేర్చి, తొమ్మిదవ రోగికై లోనికేగి తిరిగి రాలేదు. వారిని తలచినపుడెల్ల మాకు కన్నీరు వచ్చును. వెంటనే కోపమును వచ్చును.

సోదరీమణులారా, లక్కయింటి కథ మన మెఱుగనిది కాదు. తల్లిని, సోదరులను మోసికొనిపోయిన భీముని బలమునే మనము పొగడుదుము. కాని విదురుడు పంపిన ఖనకుడు ముందుగనే సొరంగము త్రవ్వియుండనిచో ఆ బలమేమి కావలెను? పాండవులు వేటనెపమున పగలెల్ల తిరిగి త్రోవలు గుఱుతుపెట్టుకొనిరి గదా. నర్సునకు మనము భీముని ధైర్యము నడుగుచున్నాము. సొరంగము మాత్రము చూపుట లేదు.

ఆ పిల్ల శిక్షణలో నేర్చినది సరియైనదే. మంటకు దగ్గఱనున్న రోగిని ముందుగా తప్పించి, కేకవేసి గంట మ్రోగించి, పొగ వ్యాపింపకుండ తలుపులు మూయవలెను. లిఫ్టు ఎక్కరాదు. కదలలేనివారిని వెంటనే మెట్లు దింపబూనక, మొదట అదే అంతస్తున పొగనాపు తలుపుల కావలి భాగమునకు జేర్పవలెను. బరువైన రోగినైనను దుప్పటిపై నుంచి, ఇద్దఱు స్త్రీలు నేలవెంట ఈడ్చుకొనిపోవచ్చును. నేలదగ్గఱ పొగయు పలుచన. ఆక్సిజను మీట కట్టవలసియున్నచో, దానిపై బ్రతుకుచున్న వారెవరో ముందు తెలిసి, వారికి చిన్న సిలిండరు అమర్చవలెను. ఇవన్నియు ఆమె పాఠమువలె అప్పగించినది. గోడనున్న ఎఱ్ఱసిలిండరును ఎన్నడైన చేతబట్టితివా యన్నచో, బొమ్మలో చూచితి నన్నది. దుప్పటిపై మనిషి నీడ్చి చూచినది లేదు. మా యింటివారి బడిలో పిల్లలనైనను గంటకొట్టి వరుసగా వెలుపలికి నడిపించి అభ్యాసము చేయింతురు, వారందఱు పరుగెత్తగలవారే!

మఱునాడామె మమ్ము నడవ చివరి తలుపుకడకు గొనిపోయినది. దానికడ్డముగ పాతపరుపులు, దానికి తాళము. తాళపుచెవి కావలివానియొద్ద, కావలివాడు క్రింది గేటునొద్ద. ఆమె పెద్దనర్సుకు చెప్పినది, మేమును వ్రాసియిచ్చితిమి. మేము అత్తగారితో ఇల్లుచేరునాటికి పరుపులు తీసివేసిరి. తాళ మట్లే యున్నది.