అది ఎన్ని రూపాయల వడ్డీ?

క్యాంపస్‌లో ఆఫర్ లెటర్ చేతికొచ్చిన రోజు అందరం ఒకే అంకె చూస్తాం. ప్యాకేజీ ఎంత? నేనూ అంతే. ఏడాదికి 3.6 లక్షలంటే నెలకు 30 వేలు కదా అని హాస్టల్ రూములోనే లెక్కేసుకున్నా. పీఎఫ్, మిగతా కోతలు పోగా తొలి నెల ఖాతాలో పడింది 25 వేలు. అప్పటికే ఆ 25 వేల కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ముగ్గురు: ఎడ్యుకేషన్ లోన్ ఇచ్చిన బ్యాంకు, పీజీ హాస్టల్ ఓనరు, ఊళ్లో నాన్నకు అప్పిచ్చిన ఆసామి. నాలుగో రోజుకే నాలుగో ఫోన్ వచ్చింది. ‘సర్, మీకు క్రెడిట్ కార్డు ప్రీ అప్రూవ్ అయింది’ అని!

ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వచ్చిన జీతంలోంచి ఎవరికి ముందు కట్టాలో చెప్పేవాళ్లే దొరకరు. ఇప్పుడు ఆ విషయం తెలుసుకోవాల్సిన అవసరం ఇదివరకటి కంటే ఎక్కువగా ఉంది.

అప్పు తీరు మారింది

ఆర్‌బీఐ 2025 జూన్‌లో విడుదల చేసిన ఆర్థిక స్థిరత్వ నివేదిక ప్రకారం, 2024 డిసెంబరు చివరికి దేశంలోని కుటుంబాల అప్పు జీడీపీలో 41.9 శాతం. కొన్ని దేశాలతో పోలిస్తే ఇది మరీ పెద్ద అంకె కాదు. ఆ అప్పు దేనికోసం అన్నదే అసలు విషయం. 2025 మార్చి నాటికి కుటుంబాల అప్పుల్లో 54.9 శాతం ఇంటి రుణం కాని రిటైల్ రుణాలే. వీటిలో ఎక్కువ భాగం వినియోగం కోసం తీసుకున్నవి. అప్పు ఉన్న ఒక్కో వ్యక్తి సగటు బాకీ 2023 మార్చిలో 3.9 లక్షల రూపాయలు ఉండేది, రెండేళ్లలో 4.8 లక్షలకు చేరింది.

ఇల్లు కట్టుకోవడానికి చేసిన అప్పు తీరేసరికి ఇల్లు మిగులుతుంది. ఫోన్ కోసం చేసిన అప్పు తీరేసరికి పగిలిన గ్లాసుతో పాత ఫోన్ మిగులుతుంది. అందుకే ఆర్‌బీఐ 2023 నవంబరులోనే హామీ లేని వినియోగ రుణాలపై రిస్క్ వెయిట్‌ను 100 నుంచి 125 శాతానికి పెంచింది. అంటే ఇలాంటి అప్పులిస్తే బ్యాంకు ఎక్కువ మూలధనం పక్కన పెట్టుకోవాలి.

తర్వాత 2025 ఫిబ్రవరి నుంచి జూన్ మధ్య రెపో రేటును 6.5 నుంచి 5.5 శాతానికి తగ్గించింది. ‘వడ్డీలు తగ్గాయి’ అని వార్తల్లో చూశాం. ఆ లాభం ముందుగా అందేది రెపోతో ముడిపడిన ఇంటి రుణాల లాంటివాటికే. మన వయసువాళ్ల దగ్గర ఎక్కువగా ఉండే క్రెడిట్ కార్డు బాకీకీ, ఫోన్ ఈఎంఐకీ రెపో తగ్గినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు.

తెలుగు రాష్ట్రాలకు అప్పు కొత్తేం కాదు. 2019 జాతీయ సర్వేలో వ్యవసాయ కుటుంబాల్లో అప్పున్నవి దేశం మొత్తం మీద 50.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 93.2, తెలంగాణలో 91.7 శాతం. మనలో చాలామంది ఆ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే. తొలి జీతం అందుకునేసరికే ఇంట్లో ఏదో ఒక బాకీ ఉంటుంది.

ఊళ్లో లెక్కే కరెక్టు

మా ఊళ్లో అప్పు గురించి ఎవరూ శాతాల్లో మాట్లాడరు. ‘ఎన్ని రూపాయల వడ్డీ?’ అని అడుగుతారు. నూటికి నెలకు రెండు రూపాయలు, మూడు రూపాయలు అని చెబుతారు. చదువుకున్న మనం ఈఎంఐ ఎంతో అడిగి ఊరుకుంటాం. నిజానికి పెద్దవాళ్ల ప్రశ్నే కరెక్టు. ఏ అప్పునైనా రూపాయల్లోకి మార్చి చూడండి.

బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ ఏడాదికి 10 శాతం అనుకుందాం. నెలకు నూటికి 83 పైసలు. క్రెడిట్ కార్డు బాకీపై నెలకు 3.5 శాతం అంటే మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ని ‘పీడిస్తున్నాడు’ అంటాం, కార్డును మాత్రం పర్సులో పెట్టుకుని తిరుగుతాం. ఇక 10 వేల అప్పు ఇస్తామని చెప్పి, ఫీజుల పేరుతో 2 వేలు ముందే పట్టుకుని, నెల తిరగ్గానే 10 వేలూ కట్టమనే యాప్ సంగతి చూడండి. మీ చేతికొచ్చింది 8 వేలు. దానిపై 2 వేలు అదనం అంటే పాతిక రూపాయల వడ్డీ! ఊళ్లో ఎవరైనా ఆ రేటు చెబితే రచ్చబండ దగ్గర పంచాయితీ అవుతుంది.

కార్డుతో నేను కూడా దెబ్బతిన్నా. ఒకసారి బిల్లు 40 వేలు అయింది. ‘కనీసం 2 వేలు కడితే చాలు’ అని ఉంటే హాయిగా అదే కట్టా. తర్వాత లెక్క చూస్తే 40 వేలపై నెల వడ్డీ 1,400, దానిపై 18 శాతం జీఎస్టీ 252. అంటే నేను కట్టిన 2 వేలల్లో అసలు తగ్గింది 348 రూపాయలే. బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా దక్కదు. కార్డు వాడటం తప్పు కాదు. బిల్లు పూర్తిగా కట్టలేని నెల మొదలైతే మాత్రం కార్డును పక్కన పెట్టేయాలి.

‘నో కాస్ట్ ఈఎంఐ’ కూడా అంతే. జీరో శాతం వడ్డీ అనేదే లేదని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. మొత్తం ఒకేసారి కడితే వచ్చే డిస్కౌంట్ పోవడమో, ప్రాసెసింగ్ ఫీజో, ఏదో ఒక రూపంలో ఆ వడ్డీ మన దగ్గరే వసూలవుతుంది.

25 వేలు ఎటు పోతాయంటే...

మీ తొలి జీతం కూడా 25 వేలే అనుకుందాం. 4 లక్షల ఎడ్యుకేషన్ లోన్ 10 శాతం వడ్డీకి ఏడేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ సుమారు 6,640. హైదరాబాద్‌లో పీజీ, తిండి కలిపి 8 వేలు. ఇంటికి 5 వేలు. ఫోన్ రీఛార్జి, బస్సు, మెట్రో, చిల్లర ఖర్చులు 2,500. మొత్తం 22,140. మిగిలేది 2,860.

ఇప్పుడు నెలకు 3 వేల ఈఎంఐతో ఒక ఫోన్ కొనండి. షోరూమువాళ్లు ‘నెలకు మూడు వేలే కదా’ అంటారు. నిజమే, కానీ అది 25 వేలల్లోంచి వెళ్లే మూడు వేలు కాదు, 2,860లోంచి వెళ్లాల్సిన మూడు వేలు. తేడా 140 రూపాయలే. జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లిన నెల ఆ 140 కాస్తా 2 వేలవుతుంది. యాప్ లోన్ గుర్తొచ్చేది సరిగ్గా అప్పుడే.

మా ఇంట్లో ఏం చేశామంటే

ఉద్యోగంలో చేరిన ఏడాదికి ఓ పండగ సెలవుల్లో నాన్నా, అమ్మా, నేనూ ఒక నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాం. ఎవరికి ఎంత, ఎన్ని రూపాయల వడ్డీకి అని వరుసగా రాశాం. నాన్నతో ఈ మాటలు రాబట్టడమే అన్నిటికంటే కష్టమైంది. ‘నీకెందుకురా ఇవన్నీ’ అనే మాట నాలుగైదు సార్లు విన్నా.

జాబితాలో అన్నిటికంటే పైన ఉన్నది మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష. నెలకు 3 వేలు వడ్డీకే పోతోంది, అసలు కదలడం లేదు. అమ్మ గాజులు బ్యాంకులో పెడితే 9 శాతానికి లక్ష వస్తుంది. అంటే నూటికి 75 పైసలు, నెలకు 750 రూపాయలు. అమ్మ ఒప్పుకోలేదు. ‘బ్యాంకులో పెట్టిన గాజులు తిరిగొచ్చిన ఇల్లు మన వీధిలో ఎన్నున్నాయిరా?’ అంది. ఆ భయం న్యాయమైందే. బాకీ కట్టకపోతే బ్యాంకు బంగారాన్ని వేలం వేస్తుంది.

అందుకే ముందు ఎలా తీరుస్తామో రాసుకుని, ఆ తర్వాతే గాజులు పెట్టాం. నాన్న వడ్డీకి కట్టే 3 వేలు, నేను పంపే 5 వేలు కలిపి నెలకు 8 వేలు. అలా కడితే 14వ నెలకు బాకీ తీరిపోతుంది. తీరింది కూడా. గాజులు ఇప్పుడు అమ్మ చేతికే ఉన్నాయి.

ఖరీదైన అప్పును చౌక అప్పుతో తీర్చడం మంచిదే. చౌకగా వచ్చింది కదా అని ఆ డబ్బుతో ఇంకేదైనా కొంటే మాత్రం రెండు అప్పులూ మిగులుతాయి.

ఎంపికైనా ఉద్యోగం రాకపోతే?

బ్యాంకు ఉద్యోగాలకు ప్రిపేరయ్యేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. రుణాలు, కార్డు బాకీలు ఎగ్గొట్టిన రికార్డు ఉన్నవాళ్లు నియామకానికి అనర్హులని ఎస్‌బీఐ తన నోటిఫికేషన్లలో రాస్తోంది. సర్కిల్ బేస్డ్ ఆఫీసర్‌గా ఎంపికైన ఒక అభ్యర్థి నియామకాన్ని సిబిల్ రిపోర్టులోని పాత బాకీల కారణంగా బ్యాంకు రద్దు చేసింది. బాకీలు తర్వాత కట్టేశానని అతను వాదించినా, 2025 జూన్‌లో మద్రాస్ హైకోర్టు బ్యాంకు నిర్ణయాన్నే సమర్థించింది.

అప్పు ఉండటం అనర్హత కాదు, కట్టకపోవడంతోనే సమస్య. ఎడ్యుకేషన్ లోన్ మీ పేరు మీద కూడా ఉంటుందని మర్చిపోకండి. ‘నాన్న చూసుకుంటారులే’ అనుకున్న బాకీ మీ రిపోర్టులోనే కనిపిస్తుంది. కోర్సు పూర్తయ్యాక సాధారణంగా ఏడాది వరకు మారటోరియం ఉంటుంది. ఆలోపు ఉద్యోగం రాకపోతే గడువు ముగియకముందే బ్రాంచికి వెళ్లి మాట్లాడండి. ఈఎంఐ తప్పాక వెళ్లడం కంటే తప్పకముందు వెళ్తేనే దారులు ఎక్కువగా ఉంటాయి. మీ క్రెడిట్ రిపోర్టును సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ సంస్థల నుంచి ఏడాదికోసారి ఉచితంగా తీసుకోవచ్చు. దరఖాస్తు చేసే ముందే చూసుకోండి.

యాప్‌లో ‘ఓకే’ నొక్కే ముందు

2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు భరించలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాతే ఆర్‌బీఐ నిబంధనలు గట్టిగా వచ్చాయి. వాటిలో కొన్నైనా గుర్తుపెట్టుకోండి.

- అప్పిచ్చే ముందు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అంటే ఫీజులన్నీ కలిపిన ఏడాది వడ్డీ. దాన్ని 12తో భాగిస్తే ఎన్ని రూపాయల వడ్డీయో ఇంచుమించుగా తెలిసిపోతుంది.
- లోన్ యాప్ మీ కాంటాక్టులు, ఫొటోల జోలికి వెళ్లకూడదు. అడిగిందంటే అక్కడే ఆపేయండి.
- యాప్ వెనకున్న బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ పేరు కనిపించాలి. గుర్తింపు ఉన్న సంస్థలు వాడే యాప్‌ల జాబితా ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో ఉంది.
- తొందరపడి తీసుకుంటే కూలింగ్ ఆఫ్ గడువులో అసలు, అన్ని రోజుల వడ్డీ కట్టి బయటపడొచ్చు. ఆ గడువు కనీసం ఒక రోజు ఉండాలి.
- రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు.

ఇప్పటికే ఏదైనా యాప్‌లో ఇరుక్కుని ఉంటే ఇంట్లో ఒక్కరికైనా ఈరోజే చెప్పండి. ఇంట్లో తిట్లు ఒక సాయంత్రంతో అయిపోతాయి, పాతిక రూపాయల వడ్డీ మాత్రం ప్రతి నెలా వస్తూనే ఉంటుంది. బెదిరింపులు మొదలైతే 1930కి ఫోన్ చేయండి.

ఇంకా జీతం మొదలుకాని వాళ్లు ఈ ఆదివారం ఇంట్లో ఒక నోట్‌బుక్ తీయండి. ఎవరికి, ఎంత, ఎన్ని రూపాయల వడ్డీకి? మూడు గడులు చాలు. నాన్న ‘నీకెందుకురా’ అంటే, రేపు కట్టేది నేనే కదా నాన్నా అని చెప్పండి.