కాచుకోవడమూ డ్యూటీయే
షాద్‌నగర్ ఆర్టీసీ డిపో డ్రైవరుకు పని స్టీరింగ్ పట్టాకే మొదలవదు. బండి సరిచూసుకోవడం, హైదరాబాద్‌లో తిరుగు ట్రిప్పు కోసం కాచుకోవడం, డ్యూటీ దిగిన చోటి నుంచి డిపోకు చేరడం, అన్నీ పనే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం టెర్మినల్‌లో 15 నిమిషాల లోపు నిరీక్షణను పనిగంటల్లోనే కలిపింది. డ్యూటీ చార్టులు వేసే సాఫ్ట్‌వేర్‌కు మనం చెబితే తప్ప ఇది తెలియదు. నిరీక్షణ గడిలో సున్నా వేస్తే ఆ శ్రమ లెక్కలోంచే పోతుంది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు మహాలక్ష్మి పథకం కింద ఉచిత ప్రయాణం మొదలయ్యాక పల్లెవెలుగు బస్సులు ఎక్కే ఆడవాళ్లు పెరిగారు (పెరగాల్సిందే), స్టాపులో బండి ఆగే సేపూ పెరిగింది. పాత రన్నింగ్ టైమే ఉంచితే ఆ నిమిషాలు డ్రైవర్, కండక్టర్ల భోజనవేళలోంచే పోతాయి. చార్టు వేసే అధికారులారా, అంకెలు నింపే ముందు ఒక రోజంతా ఆ బస్సులో కూర్చొని గడియారం చూడండి.